పాత తుపాకీని గుర్తుపట్టడం – మూడో పాఠం: లాక్ చూసి కాలం చెప్పడం

గొట్టం, చెక్క, బట్ (భుజానికి ఆనించే వెనక భాగం) ఏవో రెండో పాఠంతో తెలిసిపోయింది. ఇక అసలు పనిలోకి దిగుదాం. మ్యూజియంలో అద్దాల పెట్టె ముందు నిలబడి, కింద పెట్టిన చీటీ చదవకుండా ఆ తుపాకీ ఏ కాలానిదో మీరే చెప్పాలి. చీటీలను మరీ అంతగా నమ్మక్కర్లేదు. గొట్టం పొడుగ్గా ఉంటే చాలు, ‘18వ శతాబ్దపు తుపాకీ’ అని రాసి వదిలేసినవి చాలానే కనిపిస్తాయి.

ముందు గొట్టాన్ని చూడకండి. ట్రిగ్గర్‌కి కాస్త పైన, కుడి పక్కన చూడండి. తుపాకీ మందుకు నిప్పంటించే ఏర్పాటంతా అక్కడే ఉంటుంది. దాన్నే లాక్ అంటారు. మూతి లోంచి మందు పోయడం, గుండు వేయడం, కడ్డీతో దట్టించడం – ఈ పద్ధతి శతాబ్దాల పాటు అలాగే సాగింది. మారుతూ వచ్చింది ఈ లాకే.

జామగి తుపాకీ. చెక్కలో సన్నటి చీలిక, అందులోంచి పైకి లేచిన ఒక ఇనప కొక్కెం, దాని కొస రెండుగా చీలి ఉంటుంది. ఆ చీలికలో నిప్పు రాజేసిన నూలు తాడును, అంటే జామగిని, ఇరికించేవారు. ట్రిగ్గర్ నొక్కితే కొక్కెం వాలుతుంది, గొట్టం పక్కనున్న చిన్న పళ్ళెంలోని రంజకం, అంటే ముందుగా అంటుకునే మందు, భగ్గుమంటుంది, ఆ మంట ఓ సన్నటి రంధ్రం గుండా లోపలి మందును అందుకుంటుంది. వాన పడితే తాడు తడిసి ఆరిపోయేది. రాత్రిపూట ఆ నిప్పుకణిక మనిషి ఎక్కడున్నాడో శత్రువుకు చూపించేది.

1526లో పానిపట్టు దగ్గర బాబరు సైనికుల చేతుల్లో ఉన్నవి ఈ రకానివే. అలాగని జామగి కనబడగానే మొగలాయీల కాలం అనేయకండి. ఐరోపా సైన్యాలు 1700 ప్రాంతానికి వీటిని దాదాపు వదిలేశాయి గానీ, మన దేశంలో 19వ శతాబ్దంలో కూడా చేశారు, వాడారు. స్ప్రింగుల గొడవ తక్కువ, చెకుముకి రాయితో పనే లేదు, తాడు ఎక్కడైనా దొరుకుతుంది. మరి ఎందుకు వదులుకుంటారు? అందుకే దీన్ని చూసి కాలం చెప్పడం కష్టం, దేశం చెప్పడం తేలిక. బట్ సన్నగా, తిన్నగా ఉండి, గొట్టాన్ని తోలు పట్టీలతోనో తీగతోనో చెక్కకు చుట్టి కట్టి ఉంటే, చాలావరకు ఇక్కడి పనే.

చక్రం లాక్. గడియారంలా తాళంచెవితో తిప్పి బిగించేది. ఖరీదైనది, ఐరోపా ప్రభువుల వేట సరదా. మనకు ఎదురయ్యేది అరుదు కాబట్టి ముందుకు పోదాం.

చెకుముకి తుపాకీ. కుడి పక్కన పొడుగాటి ఇనప పలక, దాని మీద మెడ వంచిన సుత్తి, సుత్తి దవడల మధ్య చెకుముకి రాయి. ఎదురుగా నిలువుగా లేచిన ఉక్కు రేకు. రాయి రేకును గీరితే నిప్పురవ్వలు పళ్ళెంలోకి రాలతాయి. 18వ శతాబ్దంలో ఐరోపా సైన్యాల యుద్ధాలు దీనితోనే.

ఇక్కడ ఇంకో మెట్టు ఎక్కొచ్చు. గొట్టాన్ని చెక్కకు ఎలా బిగించారో చూడండి. మూడు ఇనప కట్లు చుట్టూ వేసి ఉంటే ఫ్రెంచి వాళ్ళ బాణీ. కట్లేమీ లేకుండా చెక్కలోంచి అడ్డంగా సన్నటి మేకులు దూర్చి ఉంటే ఇంగ్లీషు వాళ్ళది. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ బొబ్బిలి మీదికి వచ్చినప్పుడూ, మరుసటి ఏడు చందుర్తి దగ్గర ఫ్రెంచి, ఇంగ్లీషు సేనలు తలపడినప్పుడూ మన కోస్తా నేల మీద ఐరోపా సైనికులు పేల్చినవి ఈ చెకుముకి తుపాకులే. ఈస్టిండియా కంపెనీ తుపాకీ అయితే పలక మీద గళ్ళు గీసిన హృదయం గుర్తు వెతకండి. 1808 తర్వాతి వాటి మీద ముందుకాళ్ళెత్తి నిలబడిన సింహం ఉంటుంది.

టోపీ తుపాకీ. రాయి లేదు, పళ్ళెం లేదు. సుత్తి ముఖం గుంటపడి ఉంటుంది, దాని కింద చిన్న గొట్టపు ముక్క. దాని మీద రాగి టోపీ తొడిగి సుత్తితో కొడితే లోపలి రసాయనం పేలుతుంది. ఈ రసాయనాన్ని తుపాకీలోకి తెచ్చింది ఫోర్సిత్ అనే స్కాట్లండు మతబోధకుడు. చెకుముకి మెరుపు చూసి పక్షులు ఎగిరిపోతున్నాయని ఆయన బాధ! 1807లో పేటెంటు తీసుకున్నాడు. బ్రిటిషు సైన్యం మాత్రం 1830ల చివరి దాకా కదల్లేదు.

కదిలాక పాతవాటిని పారేయలేదు, మార్చి వాడుకున్నారు. కొత్తవాళ్ళు పప్పులో కాలేసేది ఇక్కడే. సుత్తి టోపీ రకానిదే అయినా, పలక మీద పూడ్చేసిన మర రంధ్రాలు, పళ్ళెం కోసేసిన జాడ కనిపిస్తే అది చెకుముకిగా పుట్టిన తుపాకీ. అప్పుడు రెండు కాలాలూ రాసుకోవాలి.

ఆఖరి పరీక్ష మూతి దగ్గర. 1853 నాటి ఎన్‌ఫీల్డ్ తుపాకీ గొట్టం లోపల మెలి తిరిగిన మూడు గాళ్ళు ఉంటాయి. గుండు గిరగిరా తిరుగుతూ తిన్నగా పోయేది వాటివల్లే. కొవ్వు పూసిన తూటాల గొడవ రేగింది దీని గురించే. 1857 తిరుగుబాటు తర్వాత దేశీ సిపాయిల కోసం అదే ఆకారంలో, గాళ్ళు లేని నున్నటి గొట్టంతో వేరే తుపాకీ చేయించారు. దూరం కొట్టే తుపాకీ తెల్లవాళ్ళ చేతిలోనే ఉండాలని! బయటికి రెండూ కవలల్లా ఉంటాయి, మూతిలోకి చూస్తే గానీ తేడా తెలియదు.

ఈ మూతి పరీక్ష అద్దం వెనకున్న వాటికి మాత్రమే. ఏ ఇంటి అటక మీదో దొరికిన దాన్ని ముట్టుకోకండి. మందు దట్టించి వదిలేసినవి ఉంటాయి, పొడిగా ఉంటే తుపాకీ మందు ఏళ్ళు గడిచినా పేలుతుంది. పోలీసులకు చెప్పండి.

అభ్యాసం: హైదరాబాద్ వాళ్ళు సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల గదికి, మిగతావాళ్ళు దగ్గర్లోని మ్యూజియానికి వెళ్ళి మూడు తుపాకులు ఎంచుకోండి. ఒక్కోదానికి లాక్ రకం, గొట్టం బిగించిన తీరు, పలక మీది గుర్తు రాసుకున్నాకే చీటీ చదవండి. వెనక నుంచి తూటా పెట్టే తుపాకులు నాలుగో పాఠంలో.