ఉప్పునీటి తొట్టెకు లైటు కొనే ముందు

ఎన్ని వాట్ల లైటు వేయాలని ఎవరడిగినా నేను ఎదురు ప్రశ్నే వేస్తాను: తొట్టెలో ఉండేది చేపలేనా, పగడాలు కూడానా?

చేపలే అయితే మామూలు ఎల్ఈడీ ట్యూబు చాలు. క్లౌన్ ఫిష్‌కు లైటు వేసేది మనం చూసుకోవడానికే. మిగిలిన డబ్బు నీటిని చల్లబరిచే యంత్రానికి (చిల్లర్) దాచండి, నెల్లూరు మే నెల ఎండలకు అదే ముఖ్యం.

పగడాలుంటే సంగతి వేరు. వాటి ఒంట్లో కంటికి కనిపించనంత సన్నటి నాచు ఉంటుంది. వెలుతురుతో అది వండుకున్నదాంట్లో పగడానికీ వాటా పెడుతుంది. ఆ నాచుకు ముఖ్యంగా నీలి కాంతి కావాలి, 420 నుంచి 480 నానోమీటర్ల మధ్యది. ముత్తుకూరు వైపు రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు బాగుచేసే నాకు అప్పట్లో ఇదేమీ తెలియదు. చెరువుగట్టు మీద వేసే 50 వాట్ల తెల్ల ఫ్లడ్‌లైటే తెచ్చి వేలాడదీశాను. గది పెళ్లిపందిరిలా వెలిగింది. పగడాలు ముడుచుకుపోయాయి, అద్దానికి గోధుమరంగు జిగురు పట్టింది.

అందుకే వాట్లు కాదు, 'పార్' అడగండి. నాచుకు పనికివచ్చే కాంతి ఎంత పడుతోందో చెప్పే కొలత అది. మష్రూమ్, జోయాంథస్ లాంటి మెత్తని పగడాలకు 50 నుంచి 150 సరిపోతుంది. గట్టి పగడాలకు ఇంకా చాలా కావాలి కానీ, అవి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. ఎవరు అమ్ముతామన్నా వాటి జోలికి పోకండి.

సరైన నీలి లైటు కొన్నాక కూడా తప్పు చేశాను. మొదటిరోజే నూరు శాతం పెట్టేశాను. ఐదో రోజుకు మష్రూమ్ అంచులు ఉడికిన కోడిగుడ్డు తెల్లసొనలా పాలిపోయాయి. రొయ్య పిల్లలను వదిలేముందు సంచులను చెరువులో తేలేసి నీళ్లు అలవాటు చేయడం రోజూ చూసేవాడినే, ఇంట్లో మాత్రం తోచలేదు! 30 శాతంతో మొదలుపెట్టి వారానికి పది చొప్పున పెంచండి.

రోజుకు ఎనిమిది, తొమ్మిది గంటలు చాలు. టైమరు బ్యాటరీ ఉన్నదే కొనండి. పళ్లచక్రం రకం కరెంటు పోతే ఆగిపోతుంది, వచ్చాక అంతసేపు వెనకబడి నడుస్తుంది. ఒక తుపాను వారంలో మా లైటు అర్ధరాత్రి దాకా వెలుగుతూనే ఉంది.

నీటికి జానెడు పైనే బిగించండి, లేకుంటే తుంపరలకు ఫ్యాను రంధ్రాల్లో ఉప్పు పేరుకుంటుంది. వైరును సాకెట్ కంటే కిందికి ఒక వంపు తిప్పి పైకి తీసుకెళ్లండి. జారిన నీటిచుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది, ప్లగ్గులోకి పోదు.