సి-ఏ-టి కలిపితే క్యాట్ ఎలా అవుతుంది? చిన్నపిల్లలకు ఇంగ్లీషు చదవడం, రాయడం నేర్పే పద్ధతి

రెండో తరగతి పిల్లవాడి ముందు బోర్డు మీద 'కమల' అని రాస్తే క, మ, ల అని కూడబలుక్కుని చదివేస్తాడు. తెలుగులో అక్షరం పేరు, అది పలికే శబ్దం ఒకటే కాబట్టి ఆ పని వాడికి తేలిక. అదే పిల్లవాడి ముందు ఇంగ్లీషులో క్యాట్ అని రాసి పెట్టండి. సి, ఏ, టి అని మూడు అక్షరాలూ తప్పు లేకుండా చెప్పి, ఆ తర్వాత మన మొహం వంక చూస్తాడు. వాడు నేర్చుకున్న లెక్క ప్రకారం ఆ మూడూ కలిపితే సీయేటీ రావాలి, క్యాట్ ఎక్కడ్నుంచి ఊడిపడిందో వాడికి అర్థం కాదు. అప్పుడు మనం ఏం చేస్తామంటే, 'సి ఏ టి క్యాట్, క్యాట్ అంటే పిల్లి' అని పదిసార్లు వల్లె వేయిస్తాం. వాడు బట్టీ పడతాడు, అప్పచెబుతాడు, మనకు సంతోషం. కానీ రేపు మ్యాట్ అని కొత్త మాట కనబడితే మళ్ళీ మొదటికే వస్తాడు. నేను చాలా కాలం ఇలాగే చెప్పాను, ఇప్పుడు తల్చుకుంటే ఆ పిల్లల టైమ్ వృథా చేశానని బాధగా ఉంటుంది.

కాబట్టి నా మొదటి సలహా: ఏ, బి, సి, డి అనే పేర్లను కొన్ని వారాలు పక్కన పెట్టండి. పిల్లలకు అవి ముందే వచ్చి ఉంటే ఫర్వాలేదు, మరిచిపొమ్మని చెప్పక్కర్లేదు, చదివేటప్పుడు మాత్రం వాడొద్దు. అక్షరం చూపించి అది చేసే శబ్దం చెప్పండి. దీన్నే ఫోనిక్స్ అంటారు. ఇది నేర్పడానికి తెలుగు వాళ్ళకు ఒక సదుపాయం ఉంది, మన లిపిలో పొల్లు ఉంది. ఎస్ అక్షరం 'స' అనదు, 'స్' అంటుంది. టి అక్షరం 'ట' కాదు, 'ట్'. ఎమ్ 'మ' కాదు, పెదాలు మూసి పలికే 'మ్'. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ చాలామంది టీచర్లు పొరపాటు చేసేది సరిగ్గా ఇక్కడే. 'బ, ఏ, ట' అని నేర్పితే కలిపినప్పుడు 'బయాట' లాంటిదేదో వస్తుంది తప్ప బ్యాట్ రాదు. 'బ్, యా, ట్' అని నేర్పితే మాట దానంతట అదే బయటికి వస్తుంది. క్లాసుకు వెళ్ళే ముందు మీరే ఒకసారి శబ్దాలన్నీ పొల్లుతో పలికి చూసుకోండి, చివర్లో 'అ' జారిపడకుండా.

కలపడం ఎలా నేర్పాలి అని భయపడక్కర్లేదు. గుణింతం చెప్పేటప్పుడు క్ + ఇ = కి, క్ + ఓ = కో అని చెబుతాం కదా, ఫోనిక్స్‌లో బ్లెండింగ్ అనేది అదే పని, కాకపోతే ఇక్కడ శబ్దాలు అక్షరం లోపల ఒదిగిపోకుండా పక్కపక్కన నిలబడి ఉంటాయి. పిల్లలకు కూడా ఇదే మాట చెప్పండి, వాళ్ళకు చాలా తొందరగా వెలుగుతుంది.

అసలు అక్షరాలు చూపించక ముందే ఒక వారం చెవులతో పని చేయించాలి. తెలుగు చదివే పిల్లలు మాటను అక్షరాలుగా విరుస్తారు, 'పాట' అంటే పా, ట అని రెండు ముక్కలు. ఇంగ్లీషు చదవాలంటే ఇంకా చిన్నగా విరవాలి: ప్, ఆ, ట్, అ. ఆట లాగా ఆడించండి. నేను 'స్... ఇ... ట్' అంటాను, మీరు ఆ మాట ఏమిటో కనిపెట్టి చేసి చూపించాలి అంటే క్లాసంతా కూర్చుంటుంది. 'పిన్' అన్న మాటలో చివర ఏం వినిపించింది, మొదటి శబ్దం తీసేస్తే ఏం మిగిలింది అని అడగండి. పుస్తకం, పెన్సిలు ఏమీ అక్కర్లేదు. లైనులో నిలబెట్టినప్పుడు, బెల్లు కొట్టడానికి 2 నిమిషాలు మిగిలినప్పుడు ఆడించొచ్చు.

అక్షరాలు మొదలుపెట్టేటప్పుడు ఏ నుంచి జెడ్ వరకు వరసగా వెళ్ళొద్దు. ఎస్, ఏ, టి, పి, ఐ, ఎన్ అనే ఆరింటితో మొదలుపెట్టండి. ఎందుకంటే ఈ ఆరింటితోనే సిట్, స్యాట్, పిన్, టిన్, ట్యాప్, ప్యాన్, న్యాప్, టిప్, యాంట్, ఇట్, ఇన్, చివరికి స్పిన్, స్నాప్ దాకా పాతికకు పైగా మాటలు తయారవుతాయి. అంటే రెండో వారానికే పిల్లవాడు సొంతంగా చదివేస్తున్నాడన్నమాట. అదే వరసలో వెళితే ఏ, బి, సి, డి నాలుగూ అయ్యేసరికి చేతిలో ఉండేవి క్యాబ్, బ్యాడ్ లాంటి నాలుగైదు మాటలే. రోజుకో శబ్దం కంటే ఎక్కువ వద్దు, ముందు రోజుది మళ్ళీ చూడకుండా కొత్తది వద్దు.

ఇక్కడ మన పిల్లలకు ప్రత్యేకంగా వచ్చే ఇబ్బంది ఒకటి చెప్పాలి. తెలుగు అజంత భాష, మన మాటలు ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తాయి. అందుకే బస్‌ని బస్సు, పెన్‌ని పెన్ను, బుక్‌ని బుక్కు అంటాం, అది మన భాష తీరు, అందులో తప్పేమీ లేదు. కానీ పిల్లవాడు టిన్ అని చదవాల్సిన చోట టిన్ను అంటే, రాసేటప్పుడు చివర యు చేరుస్తాడు. తిట్టకండి. మాట చివరికి వచ్చేసరికి గుప్పిట టక్కున మూసేయమనండి, నోరు కూడా అక్కడే ఆగిపోతుంది. మా క్లాసులో ఇది పది రోజుల్లో సర్దుకుంది. ఇంకో ఇబ్బంది క్యాట్, మ్యాట్‌లలో ఉన్న అచ్చు. అది అ కాదు, ఆ కాదు, దానికి మనకు విడిగా అక్షరం లేదు, అందుకే యా ఒత్తుతో సర్దుకుంటున్నాం. దాన్ని ఎ శబ్దం పక్కన పెట్టి వినిపించాలి: ప్యాన్, పెన్. బ్యాడ్, బెడ్. మీరు అద్దంలో చూసుకుని పలికితే దవడ ఎంత కిందికి దిగుతోందో తెలుస్తుంది, పిల్లలకు అదే చూపించండి. వి, డబ్ల్యూ రెండింటికీ మనకున్నది 'వ' ఒక్కటే కాబట్టి అక్కడ కూడా పెదాలు చూపించాల్సిందే, వి అన్నప్పుడు పై పళ్ళు కింది పెదవికి తగులుతాయి, డబ్ల్యూ అన్నప్పుడు పెదాలు గుండ్రంగా ముందుకు వస్తాయి.

ఇంగ్లీషులో అక్షరాలు 26 అయినా శబ్దాలు సుమారు 44 ఉన్నాయి. యాసను బట్టి లెక్క కొంచెం మారుతుంది. అంటే ఎస్-హెచ్, సి-హెచ్, టి-హెచ్, డబుల్ ఈ లాంటి జంటలు తప్పవు. జంట అక్షరాలు వచ్చేసరికి పిల్లలు తికమక పడతారు, దానికి నాకు బాగా పనికొచ్చింది సోవియట్ మనస్తత్వవేత్త దానియిల్ ఎల్కోనిన్ వాడిన గడుల పద్ధతి. షిప్ అనే మాటకు పలక మీద మూడు గడులు గీయించండి, నాలుగు కాదు. ఒక్కో శబ్దం పలుకుతూ ఒక్కో గడిలోకి ఒక బొత్తామో గులకరాయో జరపమనండి: ష్, ఇ, ప్. ఆ తర్వాత గులకరాయి తీసి అక్షరాలు రాయిస్తే మొదటి గడిలో ఎస్, హెచ్ రెండూ కలిసి కూర్చుంటాయి. రెండక్షరాలు కలిసి ఒకే శబ్దం చేస్తున్నాయని వాడికి కళ్ళతోనే తెలిసిపోతుంది, మనం వివరించక్కర్లేదు. చివర్న ఈ చేరితే మధ్య అచ్చు మారడం (క్యాప్ కేప్ అవుతుంది, పిన్ పైన్ అవుతుంది, కబ్ క్యూబ్ అవుతుంది) మాత్రం చిన్న మాటలన్నీ బాగా వచ్చాకే, తొందరపడితే ఉన్నదీ పోతుంది.

ఈ శబ్దాల లెక్కకు లొంగని మాటలు కూడా ఉంటాయి: ది, వాజ్, సెడ్, వన్ (ఓ-ఎన్-ఈ), ఆఫ్ (ఓ-ఎఫ్). వీటిని మొత్తంగా బొమ్మలా గుర్తుపెట్టుకోమనడం కంటే, ఎక్కడ దారి తప్పిందో అది మాత్రం చూపిస్తే చాలు. సెడ్‌లో ఎస్, డి తమ పని తాము చేస్తున్నాయి, మధ్యలో ఏ, ఐ కలిసి 'ఎ' అంటున్నాయి, అంతే తేడా. ఆ ముక్క కింద ఎర్ర గీత గీయండి. వారానికి మూడు నాలుగు చాలు. 1936లో ఎడ్వర్డ్ డాల్చ్ అనే ఆయన పిల్లల పుస్తకాల్లో తరచూ కనిపించే 220 మాటల జాబితా తయారు చేశారు, ఇప్పటికీ చాలా స్కూళ్ళలో దాన్ని ఫ్లాష్ కార్డులు చేసి బట్టీ పట్టిస్తారు. ఆ జాబితాలో ఇట్, క్యాన్, రన్, బిగ్, నాట్ లాంటివి బోలెడన్ని ఉన్నాయి. శబ్దాలు వచ్చిన పిల్లవాడు వాటిని చూడగానే చదివేస్తాడు, బట్టీ దేనికి?

బొమ్మ చూసి ఊహించే అలవాటు ఉంటే మాన్పించండి. గుర్రం బొమ్మ కింద పోనీ అని రాసి ఉంటే హార్స్ అని చదివేసే పిల్లవాడు చదవడం లేదు, బొమ్మకు పేరు చెబుతున్నాడు. ముందు మాట చదివించి, తర్వాత బొమ్మ మీది చెయ్యి తీయండి. నిజంగా చదువుతున్నాడా లేదా అని తేల్చుకోవాలంటే అర్థం లేని మాటలు రాసి ఇవ్వండి: వాప్, జిబ్, టెమ్. ఇంగ్లండ్‌లో ఇయర్ 1 చివర్లో ఉన్న ఐదారేళ్ళ పిల్లలకు 2012 నుంచి ఇలాంటి పరీక్షే పెడుతున్నారు, 40 మాటల్లో 20 అసలు లేని మాటలే. పిల్లలకు ఇది గ్రహాంతర జీవి పేరు అని చెబితే టెన్షన్ పడరు, నవ్వుతూ చదువుతారు.

ఇంతవరకూ చెప్పింది సగమే. 1986లో గఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక మాట అన్నారు: చదివి అర్థం చేసుకోవడం అంటే, అక్షరాలను మాటలుగా మార్చడాన్ని భాష తెలిసి ఉండటంతో గుణించడం. కూడిక కాదు, గుణకారం. రెండింట్లో ఏది సున్నా అయినా మొత్తం సున్నానే. ఇంట్లో ఇంగ్లీషు వినని పిల్లలకు ఈ రెండో భాగం చాలా బలహీనంగా ఉంటుంది. 'టిన్' అని చక్కగా చదువుతాడు, టిన్ అంటే ఏమిటో తెలియదు. అందుకే చదివించే ప్రతి మాటా ముందు వాడి నోట్లో ఆడి ఉండాలి. జేమ్స్ ఆషర్ అనే అమెరికన్ ప్రొఫెసర్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి దీనికి బాగా పనికొస్తుంది: టీచర్ ఆజ్ఞ ఇవ్వాలి, పిల్లలు చేసి చూపాలి. సిట్, స్టాండ్, జంప్, టచ్ యువర్ నోస్, పుట్ ద పెన్ ఇన్ ద బ్యాగ్. మొదట్లో తిరిగి మాట్లాడమని ఒత్తిడి చేయొద్దు. కొన్నాళ్ళకు వాళ్ళే లేచి మనకు ఆజ్ఞలు ఇవ్వడం మొదలుపెడతారు, ఆ రోజు మాత్రం మీరు తప్పకుండా గెంతాలి.

రోజూ ఒక చిన్న ఇంగ్లీషు కథ గట్టిగా చదివి వినిపించండి, అదే కథ వారంలో మూడుసార్లయినా ఫర్వాలేదు, పిల్లలకు విసుగు రాదు. కథ ఏమైందని అడిగినప్పుడు తెలుగులో చెబితే వినండి. క్లాసులో తెలుగు వినపడకూడదని నియమం పెట్టే వాళ్ళతో నేను అస్సలు ఏకీభవించను. తెలుగులో ఆలోచించి అర్థం చేసుకున్న కథ ఎక్కడికీ పోదు, ఇంగ్లీషు మాటలు వచ్చి దాని మీద నిలబడతాయి. భయంతో నోరు మూసుకున్న పిల్లవాడికి ఏ భాషా రాదు.

వాక్యాల విషయంలో పిల్లలు 'హీ టీచర్' అంటారు, ఎందుకంటే 'అతను టీచర్' అని మనం క్రియ లేకుండానే చెప్పగలం. ఇది వ్యాకరణం పాఠంతో పోదు. 'హీ ఈజ్ ఎ...' అని చట్రం ఇచ్చి చివరి మాట మాత్రం మారుస్తూ వంద వాక్యాలు ఆడుతూ పాడుతూ చెప్పించండి. ఇంకొకటి, పిల్లవాడు చెప్పిన వాక్యాన్నే బోర్డు మీద రాసి వాడితోనే చదివించండి. తను అన్న మాట కాబట్టి వాడికి అది చదవాలనిపిస్తుంది.

రాయడంలో ముందు చిన్న అక్షరాలు నేర్పాలి, పుస్తకాల్లో కనిపించేవి ఎక్కువగా అవే. చెయ్యి కదిలే తీరును బట్టి జట్లు కట్టండి: సి, ఏ, డి, ఓ, జి, క్యూ ఆరూ ఒకే వంపుతో మొదలవుతాయి, ఆర్, ఎన్, ఎమ్, హెచ్, బి, పి కిందికి దిగి మళ్ళీ పైకి వచ్చి వంపు తిరుగుతాయి. బి, డి తారుమారయ్యే పిల్లలకు ఇలా వేరే జట్లలో, వేరే వారాల్లో నేర్పితే చాలా వరకు ఆ గొడవ ఉండదు. నాలుగు గీతల పుస్తకంలో పేజీలకు పేజీలు కాపీ చేయించడం వల్ల చేతిరాత మెరుగుపడుతుందేమో కానీ చదువు రాదు. దాని బదులు రోజూ 5 నిమిషాలు డిక్టేషన్, అదీ నేర్పిన శబ్దాలతో ఉన్న మాటలే. స్కూల్ అన్న మాటను ఎస్-కె-యు-ఎల్ అని రాస్తే ఎర్ర ఇంకుతో కొట్టేయకండి. వాడు నాలుగు శబ్దాలూ విన్నాడు, నాలుగింటికీ అక్షరం పెట్టాడు. ముందు ఆ మాట చెప్పి మెచ్చుకోండి, 'ఊ' శబ్దానికి ఇక్కడ డబుల్ ఓ రాస్తారు అని ఆ తర్వాత చెప్పండి.

నాలుగైదు తరగతులకు వచ్చినా చదవలేని పిల్లలు ఉంటే వాళ్ళకూ ఎస్, ఏ, టి, పి, ఐ, ఎన్ అనే ఆ ఆరు అక్షరాలే మొదలు, వేరే అడ్డదారి లేదు. ముందు చూపు, వినికిడి పరీక్ష చేయించమని ఇంట్లో వాళ్ళకు చెప్పండి, బోర్డు కనపడని పిల్లవాణ్ణి మొద్దు అని ముద్ర వేసిన సందర్భాలు చాలా చూశాను. పసిపిల్లల బొమ్మల పుస్తకం వాళ్ళ చేతిలో పెట్టకండి, సిగ్గుపడి మానేస్తారు. అందరి ముందూ నిలబెట్టి చదివించొద్దు, రోజూ ఒక 10 నిమిషాలు పక్కన కూర్చోబెట్టుకోండి. ఒక చిన్న పేరా మీరు చదవండి, తర్వాత ఇద్దరూ కలిసి చదవండి, తర్వాత వాడొక్కడే, మర్నాడు మళ్ళీ అదే పేరా. నాలుగోసారికి గొంతులో తడబాటు తగ్గుతుంది. అప్పుడు ఆ పేరాను ఒకటో తరగతి పిల్లలకు చదివి వినిపించి రమ్మని పంపండి.