కోర్టు వార్త రాయడం నేర్పడానికి ఆన్‌లైన్ వనరులను వాడుకునే విధానం

సెక్షన్ల జాబితాతో మొదలుపెట్టిన మీడియా చట్టం పాఠం ఎక్కువసేపు నిలబడదు. భీమవరంలోనో, అమలాపురంలోనో జర్నలిజం చదివే విద్యార్థికి ముందుగా తన ఊరి కోర్టునే తెరమీద చూపించాలి. ఈ-కోర్ట్స్ పోర్టల్‌లో రాష్ట్రం, జిల్లా, కోర్టు సముదాయం ఎంచుకుంటే ఆ రోజు కాజ్ లిస్టు (విచారణకు వచ్చే కేసుల జాబితా) వస్తుంది. ప్రతి కేసుకూ విడిగా ఇచ్చే, అక్షరాలు, అంకెలు కలిపి 16 ఉండే సీఎన్ఆర్ నంబరు ఇస్తే ఆ కేసు ఏ దశలో ఉందో, ఏ తేదీకి వాయిదా పడిందో తెలుస్తుంది. కాలువ గట్టు తగాదాలకూ, చేపల చెరువు లీజు వివాదాలకూ డెల్టాలో కొదవ లేదు గనుక, ఒక్కొక్కరికి ఒక సివిల్ దావా ఇచ్చి వాది, ప్రతివాది, ప్రస్తుత దశ, తదుపరి వాయిదా నాలుగు వాక్యాల్లో రాయమనాలి. దావా వేసినంత మాత్రాన ఆరోపణ రుజువైనట్లు రాసేవారు ఇక్కడే బయటపడతారు.

చట్టాల మూలపాఠం ప్రభుత్వ వెబ్‌సైట్ ఇండియా కోడ్‌లో ఉచితంగా దొరుకుతుంది. 1971 నాటి కోర్టు ధిక్కార చట్టంలో 4వ సెక్షన్ తప్పక చదివించాలి: 7వ సెక్షన్ పరిమితులకు లోబడి, కోర్టులో జరిగినదాన్ని నిష్పక్షపాతంగా, ఉన్నదున్నట్లు ప్రచురిస్తే ధిక్కారం కాదని అది చెబుతుంది. 2024 జూలై 1 నుంచి ఐపీసీ (భారత శిక్షాస్మృతి) స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చినందున, పరువు నష్టానికి ఐపీసీలోని పాత 499, 500 సెక్షన్లు కాక సంహితలోని 356వ సెక్షన్ చూపాలి. ఇంటర్నెట్‌లో తిరిగే నోట్సును ఈ ఒక్క విషయంలోనైనా సరిచూసుకోవడం మంచిది.

సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనాల (రాజ్యాంగపరమైన ముఖ్య ప్రశ్నలు వినే, కనీసం ఐదుగురు న్యాయమూర్తుల బెంచీల) విచారణలు 2022 సెప్టెంబరు 27 నుంచి ప్రత్యక్ష ప్రసారమవుతున్నాయి. ఒక అరగంట విచారణ చూపించి, న్యాయమూర్తి మౌఖికంగా అన్న మాటలను ఒకవైపు, తర్వాత వెలువడిన ఉత్తర్వును మరోవైపు రాయిస్తే రెండింటికీ ఉన్న తేడా బోధపడుతుంది. మౌఖిక వ్యాఖ్యలను ప్రచురించకుండా మీడియాను ఆపడానికి సుప్రీంకోర్టు 2021లో నిరాకరించింది; అయినా వ్యాఖ్యను తీర్పుగా రాయడం తప్పే.

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇవ్వవలసినది బాధితుల గుర్తింపు అంశానికి. 1994 నాటి ఆర్. రాజగోపాల్ కేసు తీర్పును తీర్పులు ఉచితంగా దొరికే ఇండియన్ కానూన్ వెబ్‌సైట్‌లో తెరిచి, కోర్టు రికార్డులతో సహా పబ్లిక్ రికార్డుల ఆధారంగా రాయవచ్చన్న భాగాన్నీ, లైంగిక దాడి బాధితురాలి పేరును అందులోంచి మినహాయించిన భాగాన్నీ పక్కపక్కనే చదివించాలి. వెబ్‌సైట్‌లో కనబడిన ప్రతి పేరునూ అచ్చువేయకూడదని అప్పుడు అర్థమవుతుంది. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 23వ సెక్షన్ ఇంకా ముందుకు వెళ్లి, ప్రత్యేక కోర్టు అనుమతి లేకుండా పిల్లల పేరు, చిరునామా, ఫొటో, కుటుంబం, బడి, పరిసరాలతో పాటు గుర్తుపట్టడానికి వీలిచ్చే ఏ వివరాన్నీ వెల్లడించరాదంటుంది.

ఈ అభ్యాసానికి నిజమైన కేసు వాడకుండా, ఒక లంక గ్రామం నేపథ్యంగా కల్పిత ఎఫ్ఐఆర్ తయారుచేసుకోవాలి. చాలామంది పేరు తీసేసి, ‘రేవు దగ్గర టీ కొట్టు నడిపే వ్యక్తి కుమార్తె, ఎనిమిదో తరగతి’ అని ఉంచేస్తారు. ఒకటే రేవు, ఒకటే హైస్కూలు ఉన్న ఊళ్లో పేరు రాసినా ఒకటే, ఇలా రాసినా ఒకటే. అందుకే దిద్దే పని ఉపాధ్యాయుడు ఒక్కడే చేయకుండా, లంక ఊళ్ల నుంచి వచ్చే విద్యార్థులకు ఆ కాపీలు ఇచ్చి, ఏ మాట దగ్గర మనిషి దొరికిపోతున్నాడో గీత గీయమనాలి. గీత పడిన ప్రతి కాపీనీ తిరిగి రాయించాలి.