పాఠం చెప్పకుండా భాష పట్టుబడేలా చేయడం: పసిపిల్లల అవ్యక్త అభ్యసనానికి ఇంట్లో చేయగల సాయం

‘మనం వెళ్దాం’ అంటే ఎదుటివారిని కలుపుకున్నట్టనీ, ‘మేము వెళ్తాం’ అంటే వారిని మినహాయించినట్టనీ ఏ తల్లీ మూడేళ్ళ పిల్లను కూర్చోబెట్టి చెప్పదు. అయినా పిల్లలు కాలక్రమంలో ఆ రెండింటినీ ఎక్కడ వాడాలో అక్కడే వాడతారు. ఎందుకలా అన్నావని అడిగితే మాత్రం చెప్పలేరు. ఇలా నియమం తెలియకుండానే నియమం పట్టుబడటాన్ని అవ్యక్త అభ్యసనం అంటారు. 1967లో ఆర్థర్ రెబర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఒక కృత్రిమ వ్యాకరణంతో తయారైన అక్షరాల వరుసలను పెద్దవారికి ఇచ్చి గుర్తుపెట్టుకోమన్నాడు. ఆ తరువాత అదే వ్యాకరణానికి ఒదిగే కొత్త వరుసలేవో, ఒదగనివేవో వారు చాలావరకు సరిగానే పోల్చుకోగలిగారు గాని, ఆ నియమాలేమిటో వివరించలేకపోయారు. విన్నదానిలో ఏది దేని పక్కన ఎంత తరచుగా వస్తోందో మనసు తనంతట తానే లెక్కగట్టుకోవడాన్ని గణాంక అభ్యసనం అంటారు. ఈ రెండూ పూర్తిగా ఒకటే కాకపోయినా భాష విషయంలో చేయీ చేయీ కలిపి పనిచేస్తాయి.

ఈ లెక్క ఎంత చిన్న వయసులో మొదలవుతుందో 1996లో జెనీ శాఫ్రన్, రిచర్డ్ ఆస్లిన్, ఎలిస్సా న్యూపోర్ట్ చేసిన ప్రయోగం చూపింది. ఎనిమిది నెలల పిల్లలకు ‘గొలబు’, ‘బిడకు’ వంటి అర్థంలేని మూడక్షరాల పదాలు నాలుగింటిని మధ్యలో విరామం లేకుండా, ఒకే స్వరంలో రెండు నిమిషాలు వినిపించారు. ఒక పదం లోపల మొదటి అక్షరం తరువాత రెండోది తప్పక వస్తుంది. పదం ముగిసిన చోట మాత్రం తరువాతి అక్షరం మూడింటిలో ఏదైనా కావచ్చు. పదాలు ఎక్కడ విడిపోతున్నాయో తెలుసుకోవడానికి ఇంతకు మించి ఏ ఆధారమూ లేదు. అయినా ఆ పిల్లలు పదాలకూ, రెండు పదాల ముక్కలు అతికిన వరుసలకూ తేడా గుర్తించారు.

ఇక ఇంట్లో పెద్దవారు ఏం చేయాలన్నది చూద్దాం. బిడ్డకు భాషను బోధించడం కన్నా, బిడ్డ చెవిన పడే మాటను ఆ లెక్కకు అనువుగా ఉంచడమే మన పని అని నా అభిప్రాయం. ఈ ఒక్క సంగతి మనసులో ఉంటే కింద చెప్పేవన్నీ సులువుగా అమరుతాయి.

మాటను పలు వాక్యాల్లో తిప్పండి, అప్పుడప్పుడు విడిగా పలకండి

‘పాలు తాగు’, ‘పాలు కావాలా’, ‘పాలు పోశాను’ అన్న వాక్యాలను వింటున్న బిడ్డకు ‘పా’ వెనుక ‘లు’ ప్రతిసారీ వస్తోంది. ‘లు’ వెనుక వచ్చేది మాత్రం మారిపోతోంది. ‘పాలు’ ఒక మాట అని అక్కడే తేలుతుంది. రోజూ ‘పాలు తాగు’ అన్న ఒక్క వాక్యమే వినిపిస్తే ఆ నాలుగక్షరాలూ కలిసి ఒకే ముద్దగా ఉండిపోవచ్చు. తెలుగులో దీనికి తోడు సంధి ఒకటి ఉంది: ‘పాలొద్దు’, ‘పాలేవి’, ‘పాలున్నాయి’ అన్నప్పుడు మాట చివరి ఉకారం పక్క అచ్చులో కలిసిపోయి, మాట అంచు చెరిగిపోతుంది. అందుకని సంధిని మానుకుని కృత్రిమంగా మాట్లాడనక్కరలేదు. సహజంగా మాట్లాడుతూనే, గిన్నె చూపించేటప్పుడు ‘పాలు’ అని ఒక్క మాటగా కూడా అంటే చాలు. 2011లో వెలువడిన ఒక పరిశోధనలో, ఇటాలియన్ భాష ఎన్నడూ వినని అమెరికన్ పసివాళ్ళకు ఆ భాషలోని మాటలు వాక్యాల్లోనూ, విడిగానూ కలిపి వినిపించినప్పుడు పదాల గుర్తింపు మెరుగుపడింది. పసివారితో మనం సాగదీసి, రాగం తీసి, స్వరం పెంచి మాట్లాడే తీరు కూడా పదాల విభజనకు తోడ్పడుతుందని 2005లో శాఫ్రన్ బృందం చూపింది. కాబట్టి ‘బిడ్డతో ముద్దుముద్దుగా మాట్లాడితే మాట సరిగా రాదు’ అని ఎవరైనా అంటే ఆ రాగాన్ని మానుకోవద్దు.

అర్థం సంగతి కూడా ఇలాగే కుదురుతుంది. ఒక మాట విన్నప్పుడు ఎదురుగా నాలుగు వస్తువులుంటే అది దేని పేరో ఆ ఒక్కసారికి తేలదు. కాని పలు సందర్భాల్లో ఆ మాటతో పాటు మళ్ళీ మళ్ళీ కనిపించే వస్తువేదో పన్నెండు, పద్నాలుగు నెలల పిల్లలు కూడగట్టుకోగలరని లిండా స్మిత్, చెన్ యూ 2008లో నిరూపించారు. బిడ్డ దేనివైపు చూస్తున్నాడో దాని గురించే ఆ క్షణంలో మాట్లాడితే ఆ పని తేలికవుతుంది.

మనిషి ఎదురుగా ఉండాలి

1997లో శాఫ్రన్ బృందమే చేసిన మరో ప్రయోగంలో ఆరేడేళ్ళ పిల్లలూ, పెద్దలూ కంప్యూటర్ మీద బొమ్మలు వేసుకుంటుండగా వెనుక ఇరవయ్యొక్క నిమిషాల పాటు కృత్రిమ భాష ఒకటి వినిపించారు. వినమని ఎవరూ చెప్పకపోయినా అందరూ అందులోని పదాలను కొంత పట్టుకున్నారు. దీన్ని చూసి టీవీ పెట్టి వదిలేస్తే సరిపోతుందనుకోవడం తప్పు. పసిపిల్లల విషయంలో తేలింది వేరు. ప్యాట్రీషియా కూల్ బృందం 2003లో తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలకు పన్నెండు విడతలుగా చైనా మాండరిన్ వినిపించింది. మనిషి ఎదురుగా కూర్చుని ఆడించి మాట్లాడిన పిల్లలు ఆ భాషలోని ధ్వనిభేదాన్ని నేర్చుకున్నారు గాని, అదే మాటలను వీడియోలో చూసినవారూ, ఆడియోలో విన్నవారూ ఏమీ నేర్చుకోలేదు. రెండేళ్ళు నిండేలోపు తెర వద్దనీ, రెండు నుంచి నాలుగేళ్ళ వారికి రోజుకు గంటకు మించరాదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది.

విదేశాల్లో ఉన్న తెలుగు కుటుంబాలకు ఇది మరీ ముఖ్యం. ‘పాట’కూ ‘పాత’కూ ఉన్న ట-త తేడా ఇంగ్లీషులో పదాలను వేరుచేయదు. జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో కెనడాలో పరీక్షించినప్పుడు, ఇంగ్లీషు వినే ఇళ్ళలోని ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు హిందీలోని ఇలాంటి తేడానే తేలికగా గుర్తించారు. పది, పన్నెండు నెలల పిల్లల్లో ఆ గుర్తింపు బాగా తగ్గిపోయింది. తరువాత నేర్చుకోలేరని దీనర్థం కాదు, కాని శ్రమ పెరుగుతుంది. కాబట్టి తెలుగు మాట్లాడటాన్ని ‘కాస్త పెద్దయ్యాక’ అని వాయిదా వేయకుండా పుట్టిన నాటి నుంచీ నేరుగా బిడ్డతోనే మాట్లాడండి. ఊళ్ళో ఉన్న అమ్మమ్మ, తాతయ్యలతో వీడియో కాల్ మాటేమిటంటే, అది టీవీ వంటిది కాదు. రెండు, రెండున్నరేళ్ళ పిల్లలు ఎదుటి మనిషి తమకు బదులు పలికే వీడియో సంభాషణలో కొత్త క్రియాపదాలు నేర్చుకున్నారనీ, ముందే రికార్డు చేసిన వీడియోలో నేర్చుకోలేదనీ 2014లో వెలువడిన పరిశోధనలో తేలింది. ఫోనును బిడ్డ ముందు నిలబెట్టి వెళ్ళిపోకుండా, బిడ్డ చేసే పనికి అమ్మమ్మ స్పందించేలా మీరు పక్కనే కూర్చోవడం మంచిది.

వ్యాకరణానికి వైవిధ్యమే ఆధారం

ఒకే వాక్యాన్ని పదేపదే చెప్పించడం కన్నా ఒకే వాక్య నిర్మాణాన్ని పదేపదే కొత్త మాటలతో వినిపించడం మేలు. రెబెకా గోమెజ్ 2002లో పద్దెనిమిది నెలల పిల్లలకు మూడు మాటల కృత్రిమ వాక్యాలు వినిపించింది. వాటిలో మొదటి మాటకూ చివరి మాటకూ సంబంధం ఉంటుంది, నడిమి మాట మారుతుంటుంది. నడిమి మాటలు మూడో, పన్నెండో ఉన్నప్పుడు పిల్లలు ఆ సంబంధాన్ని పట్టుకోలేదు. ఇరవైనాలుగు ఉన్నప్పుడు పట్టుకున్నారు. నడిమిది అంతగా మారిపోతుంటే మారకుండా నిలిచే రెండు కొసలూ స్పష్టంగా కనబడతాయన్నమాట.

తెలుగు వాక్యానికి ఇది చక్కగా అతుకుతుంది. ‘నేను’ అని మొదలుపెడితే క్రియ ‘-ను’తోనూ, ‘నువ్వు’ అని మొదలుపెడితే ‘-వు’తోనూ ముగుస్తుంది, మధ్యలో ఎన్ని మాటలైనా రావచ్చు. ‘నువ్వు అన్నం తింటావు’, ‘నువ్వు బంతి తెస్తావు’, ‘నువ్వు తాతయ్యతో బజారుకు వెళ్తావు’ అంటూ నడిమి మాటలను మారుస్తూ మాట్లాడవచ్చు. మన ఇళ్ళలో పసివారితో ‘బుజ్జి అన్నం తింటుందా?’ అని పేరుతోనో ముద్దుపేరుతోనో అడగడం అలవాటు, పైగా ‘నువ్వు’ను వదిలేసి ‘తింటావా?’ అనడమూ సహజమే. రెంటినీ మానుకోనక్కరలేదు గాని, ‘నువ్వు’ ఉన్న పూర్తి వాక్యాలు కూడా రోజూ వినిపించేలా చూడండి. ఇది తెలుగు మీద జరిగిన ప్రయోగం కాదు. గోమెజ్ ఫలితాన్ని బట్టి నేను చెబుతున్న సూచన.

విభక్తులకూ ఇదే పద్ధతి. ‘గిన్నెలో’, ‘సంచిలో’, ‘నీళ్ళలో’, ‘ఇంట్లో’ అని రకరకాల మాటలకు ఒకే ప్రత్యయం చేర్చి మాట్లాడితే బిడ్డ ఆ ప్రత్యయాన్ని వేరుచేసుకోగలుగుతుంది. అలా వేరుచేసుకున్న బిడ్డ ఒక్కోసారి ‘ఇంటికి’ అనకుండా ‘ఇల్లుకి వెళ్దాం’ అనవచ్చు. అది వెనుకడుగు కాదు; ‘బడికి’, ‘గుడికి’, ‘షాపుకి’ విన్న బిడ్డ నియమాన్ని పట్టుకుందనడానికి గుర్తు. ‘తప్పు, అలా అనకూడదు’ అని ఆపకుండా, ‘సరే, ఇంటికి వెళ్దాం, ఇంటికి వెళ్ళి ఆడుకుందాం’ అని సరైన రూపాన్ని జవాబులోనే పెట్టి అనండి. తిరిగి చెప్పమని బలవంతపెట్టవద్దు.

ఇంత వింటే చాలదు, నిద్ర కూడా కావాలి. కృత్రిమ భాష విన్నాక కునుకు తీసిన పదిహేను నెలల పిల్లలు, నిద్రపోనివారి కన్నా భిన్నంగా, విన్న వాక్యాలను దాటి వాటి వెనుక ఉన్న నమూనాను పట్టుకున్నారని గోమెజ్ బృందం 2006లో గమనించింది.

మాట ఆలస్యమైన పిల్లలకు

కొందరు పిల్లలకు వినికిడి, తెలివితేటలు బాగానే ఉన్నా భాష మాత్రం కష్టంగా వస్తుంది. జూలియా ఎవాన్స్ బృందం 2009లో అలాంటి పిల్లలకు కృత్రిమ భాషను ఇరవయ్యొక్క నిమిషాలు వినిపించినప్పుడు వారు పదాలను పట్టుకోలేకపోయారు. వినిపించే సమయాన్ని రెట్టింపు చేసినప్పుడు పట్టుకోగలిగారు. ఇలాంటి బిడ్డకు మనం వినిపించేది ఎక్కువగానూ, వైవిధ్యంగానూ ఉండాలి. ఎలెనా ప్లాంటె బృందం 2014లో ప్రకటించిన చికిత్సా పరిశోధనలో ఒక బృందం పిల్లలకు ఇరవైనాలుగు వేర్వేరు క్రియలతోనూ, మరొక బృందానికి పన్నెండు క్రియలనే రెండుసార్లు తిప్పి వాడుతూనూ వ్యాకరణ రూపాలను వినిపించారు. స్పష్టమైన ప్రగతి కనిపించింది ఇరవైనాలుగు క్రియలు విన్నవారిలోనే. కాబట్టి మాట చికిత్సకు (స్పీచ్ థెరపీకి) వెళ్ళి వచ్చాక ఇంట్లో అవే నాలుగు కార్డులను రోజూ వల్లె వేయించకుండా, అదే రూపాన్ని వంటింట్లో, స్నానం చేయించేటప్పుడు, దారిలో నడుస్తున్నప్పుడు వేర్వేరు మాటలతో వినిపించవచ్చా అని చికిత్సకులను అడగండి.

అన్నిటికన్నా ముందు చేయించవలసింది వినికిడి పరీక్ష, ఎందుకంటే చెవిన పడని శబ్దాన్ని ఏ మనసూ లెక్కగట్టలేదు. ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా, రెండేళ్ళకు రెండు మాటలు కలిపి అనకపోయినా, వచ్చిన మాటలు పోతున్నా ‘మా ఇంట్లో అందరికీ మాట ఆలస్యమే’ అని ఆగకుండా పిల్లల వైద్యులకు చూపించండి. ప్రభుత్వ రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లోనూ, బడుల్లోనూ పిల్లలను పరీక్షిస్తారు. అవసరమైన వారిని జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు. అక్కడికి వెళ్ళేటప్పుడు బిడ్డ అంటున్న మాటలను, ఏ సందర్భంలో అందో కూడా కలిపి, ఒక కాగితం మీద రాసుకుని తీసుకెళ్ళండి. ఇంట్లో రెండు భాషలుంటే రెంటిలోని మాటలనూ రాయండి. ఒక్క భాషలోని మాటలనే లెక్కపెడితే బిడ్డకు వచ్చినదానికన్నా తక్కువే కనిపిస్తుంది.