చిమ్నీ రూట్ ఎక్కే ముందు ఇవి చూసుకోండి

రాక్ క్లైంబింగ్‌లో చిమ్నీ అంటే తెలిసిందేగా, కొండరాతిలో మనిషి మొత్తం లోపలికి దూరేంత వెడల్పున్న పగులు, ఒక గోడకి వీపు ఇంకో గోడకి పాదాలు ఆనించి నెట్టుకుంటూ పైకి పోవడమే పని. బయట ఫేస్ (బయటికి తెరుచుకుని ఉన్న రాతి గోడ) మీద ఉన్నంత భయం ఇక్కడ వెయ్యదు, ఎటు చూసినా రాయే కాబట్టి. అసలు గొడవంతా అదే, భయం తగ్గేసరికి జాగ్రత్త కూడా తగ్గిపోద్ది. మల్టీపిచ్ మీద, అంటే అంచెలంచెలుగా ఎక్కే రూట్ మీద (ఒక్కో అంచె ఒక పిచ్), మూడో పిచ్‌కొచ్చేసరికి కింద ఎంత లోతుందో లోపల్నుంచి కనబడదు, అంతే తేడా.

ముందు రాళ్ళ సంగతి. పైన ఏది దొర్లినా ఏది కారినా చివరికొచ్చేది ఈ సందులోకే, పైగా అది తిన్నగా రాదు, ఈ గోడకీ ఆ గోడకీ కొట్టుకుంటూ వస్తుంది, ఎటు తప్పుకోవాలో తెలీదు. అందుకే బెలే యాంకర్ (ఎక్కేవాళ్ళ రోప్ పట్టుకునే బెలేయర్‌ని రాతికి కట్టే చోటు) చిమ్నీ అడుగున వెయ్యకండి, వీలైనంత పక్కకి, పైన ఏదన్నా రాయి ముందుకొచ్చి అడ్డంగా ఉంటే దాని కిందకి జరిగి వేసుకోండి. ముందే పైన ఇంకో టీమ్ ఉంటే ఆ రోజుకి వేరే రూట్ చూసుకోవడం మంచిది, వాళ్ళు ఎంత జాగ్రత్తగా ఎక్కినా వాళ్ళ రోప్ రాసుకుని కూడా రాళ్ళు పడతాయి. "రాయి" అని కేక వినబడితే తలెత్తి చూడొద్దు, గోడకి అతుక్కుపోవాలి.

ఇరుక్కున్న బండలు, అదే చోక్‌స్టోన్లు. వాటికి స్లింగ్ (గట్టి నేత పట్టీ) చుట్టి ప్రొటెక్షన్‌గా, అంటే జారితే రోప్‌ని ఆపేదిగా, వాడుకుంటాం, చాలా చిమ్నీల్లో దొరికేదే అది. కానీ చుట్టే ముందు అరచేత్తో కొట్టి చూడండి, బోలుగా మోగినా కాస్త కదిలినా వదిలెయ్యండి. అక్కడ ఎవరో వదిలేసిన పాత స్లింగ్ ఉంటే, రంగు వెలిసి బిరుసెక్కిపోయిందంటే ఎండకి పాడైపోయినట్టే, దాన్ని నమ్ముకోకండి, మీది కొత్తది కట్టుకోండి. ఇంకోటి, దిగేటప్పుడైనా లోయర్ చేసేటప్పుడైనా (రోప్‌తో ఒకళ్ళని కిందకి దించేటప్పుడైనా) రోప్‌ని నేరుగా స్లింగ్‌లోంచి పోనిచ్చి లోడ్ మీద లాగొద్దు, ఆ రాపిడి వేడికి స్లింగ్ కరిగి తెగుతుంది. డైనీమా (సన్నటి స్లింగ్‌లకి వాడే గట్టి పీచు) అయితే 145 డిగ్రీల దగ్గరే కరగడం మొదలవుతుంది. మధ్యలో ఒక కారబైనరో (తెరిచి మూసే లోహపు కొక్కెం) స్టీల్ లింకో పోతే పోయిందనుకుని వదిలేసి రండి.

ప్రొటెక్షన్ దూరం దూరంగా దొరుకుతుందని ముందే లెక్కేసుకోండి. వెడల్పు చిమ్నీలో పెద్ద కామ్ (పగుల్లో పెడితే విచ్చుకుని బిగుసుకునే పరికరం) కూడా పట్టదు, వెనక మూలలో ఉండే సన్నటి పగుళ్ళు వెతుక్కోవాలి. బెలే నుంచి 3 మీటర్లు ఎక్కి ఏమీ పెట్టకుండా జారితే 6 మీటర్లు పడతారు, అంటే ఫాల్ ఫ్యాక్టర్ (పడిన దూరాన్ని వదిలిన రోప్ పొడవుతో భాగిస్తే వచ్చేది) 2, ఆ దెబ్బంతా బెలేయర్ మీదా యాంకర్ మీదా పడుతుంది, కాబట్టి బెలే దాటగానే మొదటి గేర్ పెట్టాల్సిందే. పిచ్ ఈజీగా ఉంది కదా అని వదిలేసేది కూడా సరిగ్గా అక్కడే.

లోపలికి పోయేకొద్దీ ఇరుగ్గా ఉండి సేఫ్ అనిపిస్తుంది గానీ కదలడం కష్టమైపోతుంది, అందుకని వీలున్నంత వరకు బయటి అంచు దగ్గరే ఎక్కండి. బ్యాగ్ వీపు మీద వద్దు, బెలే లూప్‌కి (నడుముకి కట్టుకునే హార్నెస్ ముందుండే పట్టీకి) పొడుగాటి స్లింగ్ వేసి కాళ్ళ కింద వేలాడదీసుకోండి. ఏ వైపు మొహం పెట్టి దూరాలో ముందే తేల్చుకుని గేరంతా గోడకి తగలని పక్కకి మార్చుకోవాలి, బాగా ఇరుకైన చోట హెల్మెట్ పట్టేసి తల కూడా తిరగదు. ఇరుక్కుంటే గింజుకోవద్దు, ఊపిరి మెల్లగా వదిలితే ఛాతీ కొంచెం తగ్గుతుంది, ఎలా వచ్చారో అలాగే కిందకి జారండి. ఫుల్ హ్యాండ్స్ చొక్కా, మోకాళ్ళకి ప్యాడ్లు, ఇంక చెప్పక్కర్లేదు.

60 మీటర్ల రోప్ ఉంది కదా అని పిచ్ మొత్తం లాగించొద్దు. లోపల్నుంచి అరిస్తే కింద వాళ్ళకి ముక్క అర్థం కాదు, రోప్ కూడా అంచులకి రాసుకుని బరువెక్కిపోద్ది. చిన్న పిచ్‌లుగా చేసుకోండి, "ఆఫ్ బెలే"కి (నేను యాంకర్‌కి కట్టుకున్నా, రోప్ వదిలెయ్యి అని చెప్పడానికి) రోప్‌ని ఎన్నిసార్లు లాగాలో నేల మీదుండగానే అనుకోండి.

వాన పడి రెండ్రోజులైనా నీడలో ఉన్న చిమ్నీ ఆరకపోవచ్చు, నాచు మీద ఏ షూ అయినా జారుద్ది. ఉరుము వినబడితే పగుల్లో దాక్కోవడం తెలివైన పని కాదు, పిడుగు కరెంటు తడి పగుళ్ళ వెంటే పారుతుంది. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలన్నా ఆగండి.

దిగడం మాత్రం పక్కనున్న ఫేస్ మీదుగా దారి ఉంటే అటే దిగండి. చిమ్నీలోంచే రాపెల్ చెయ్యాల్సొస్తే (రోప్ మీద జారుతూ దిగాల్సొస్తే) రోప్ విసరొద్దు, చోక్‌స్టోన్ల మీద చిక్కుకుంటుంది, మడతలు పెట్టి హార్నెస్‌కి తగిలించుకుని వదులుకుంటూ దిగండి, చివర్లకి ముడులు మాత్రం వెయ్యండి. మొదటివాళ్ళు దిగగానే రోప్ కొంచెం లాగి చూడాలి, కదలకపోతే పైనున్నవాళ్ళు సర్దగలరు. అందరూ దిగాక లాగే ముందు ఆ ముడులు విప్పారో లేదో చూసుకోండి. అప్పుడూ ఇరుక్కుంటే, దేనికి పట్టుకుందో తెలీని ఆ రోప్‌ని పట్టుకుని పైకి ఎక్కెయ్యకండి, రెండు చివరలూ చేతిలో ఉంటే రెండింటి మీదా ప్రూసిక్ (బరువు పడితే రోప్‌ని బిగించి పట్టే ముడి) వేసుకుని వెళ్ళండి, ఒక్కటే ఉంటే ఆ ఉన్న రోప్‌తోనే మళ్ళీ లీడ్ చేస్తూ గేర్ పెట్టుకుంటూ పోవాలి, అదీ కుదరకపోతే ఉన్నంత రోప్ కోసుకుని చిన్న చిన్న రాపెల్స్‌తో దిగాలి. అందుకే ఒక చిన్న కత్తీ, హెడ్‌ల్యాంపూ బ్యాగ్‌లో కాకుండా ఒంటి మీదే ఉండాలి.