కొత్త డెస్క్‌టాప్‌లో పదేపదే బ్లూ స్క్రీన్: ఫార్మాట్ కొట్టే ముందు ర్యామ్ చూడండి

సమస్య

కొత్త డెస్క్‌టాప్. గేమ్ ఆడుతున్నా, ఊరికే బ్రౌజర్ తెరిచి ఉంచినా ఉన్నట్టుండి బ్లూ స్క్రీన్ వచ్చి రీస్టార్ట్ అవుతుంది. అడిగితే చాలామంది చెప్పేది ఒకటే: ఫార్మాట్ కొట్టి మళ్లీ విండోస్ వేయమని. వేస్తే రెండు రోజులు బాగుండి మళ్లీ మొదటికొస్తుంది. అప్పుడే వేసిన విండోస్‌లో పాడవడానికి పెద్దగా ఏమీ ఉండదు. అందుకే కొత్త మెషీన్ అయితే నేను ముందు హార్డ్‌వేర్‌నే అనుమానిస్తాను.

స్క్రీన్ ఏం చెబుతోంది

సిస్టమ్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్, అందులో స్టార్టప్ అండ్ రికవరీ సెట్టింగ్స్ తెరిచి, ఆటోమేటిక్‌గా రీస్టార్ట్ అయ్యే టిక్ తీసేయండి. అప్పుడు స్క్రీన్ నిలబడుతుంది. కింద ఉన్న స్టాప్ కోడ్‌ని (ఎందుకు ఆగిందో చెప్పే పేరు) ఫోన్‌తో ఫొటో తీసుకోండి. విండోస్ 11లో 2025 అప్‌డేట్ల తర్వాత ఈ స్క్రీన్ నల్లగా వస్తోంది, కంగారు పడకండి, అదీ ఇదే.

ప్రతిసారీ ఒకే కోడ్, ఒకే డ్రైవర్ (హార్డ్‌వేర్‌ని విండోస్‌తో కలిపే సాఫ్ట్‌వేర్) ఫైల్ పేరు కనబడితే ఆ డ్రైవర్‌ని అప్‌డేట్ చేయండి, లేదా పాత వెర్షన్ వేయండి. ఇవాళ మెమరీ మేనేజ్‌మెంట్, రేపు ఐఆర్‌క్యూఎల్, ఎల్లుండి ఇంకేదో అని కోడ్ మారుతూ ఉంటే మాత్రం అది చాలావరకు ర్యామ్ గొడవే.

అసలు కారణం

డీడీఆర్5 (ఇప్పటి తరం) ర్యామ్ బాక్స్ మీద స్పీడ్ 6000 అని ఉంటుంది. మామూలుగా అది 4800 దగ్గరో 5600 దగ్గరో నడుస్తుంది. 6000 రావాలంటే బయోస్‌లో (విండోస్ కన్నా ముందు నడిచే మదర్‌బోర్డు సాఫ్ట్‌వేర్) ఎక్స్‌ఎంపీ గానీ ఎక్స్‌పో గానీ ఆన్ చేయాలి, ఇవి ర్యామ్‌ని బాక్స్ మీది స్పీడ్‌లో నడిపే రెడీమేడ్ సెట్టింగ్‌లు. అది ఒకరకంగా ఓవర్‌క్లాకింగే, అంటే మామూలు స్పీడ్‌ని మించి నడపడం. ప్రతి ప్రాసెసరూ, ప్రతి బోర్డూ దాన్ని మోయలేవు. నాలుగు స్టిక్‌లు పెడితే ఇంకా కష్టం: రైజెన్ 7000 సిరీస్‌కి ఏఎండీ రెండు స్టిక్‌లతో 5200 వరకు చెబితే, నాలుగింటితో 3600 మాత్రమే చెబుతుంది.

పరిష్కారం

ఎక్స్‌ఎంపీ (లేదా ఎక్స్‌పో) ఆఫ్ చేసి కొన్ని రోజులు వాడి చూడండి. క్రాష్‌లు ఆగిపోతే దారి దొరికినట్టే. బయోస్ అప్‌డేట్ చేసి మళ్లీ ఆన్ చేయండి, కుదరకపోతే స్పీడ్ ఒక మెట్టు తగ్గించండి. 5600 దగ్గర నిలకడగా నడిచే మెషీన్ 6000 దగ్గర పడిపోయే మెషీన్ కన్నా ఎంతో మేలు.

బయోస్ ముట్టుకునే ముందు బిట్‌లాకర్ (విండోస్ డిస్క్ లాక్) రికవరీ కీ ఎక్కడైనా రాసిపెట్టుకోండి, బయోస్ మారాక విండోస్ దాన్ని అడగొచ్చు. యూపీఎస్ లేకుండా అప్‌డేట్ మొదలుపెట్టకండి, మధ్యలో కరెంటు పోతే బోర్డే పోవచ్చు.

ఎక్స్‌ఎంపీ ఆఫ్ చేసినా క్రాష్ అవుతుంటే పెన్‌డ్రైవ్‌లో మెమ్‌టెస్ట్86 (ర్యామ్‌ని పరీక్షించే ప్రోగ్రామ్) వేసి రాత్రంతా వదిలేయండి. ఉచిత వెర్షన్ నాలుగు పాస్‌లు (పరీక్ష మొత్తం నాలుగుసార్లు) చేస్తుంది. మామూలు స్పీడ్‌లో ఒక్క ఎర్రర్ వచ్చినా వదిలేయకూడదు. అప్పుడు పవర్ తీసి, ఒక్కో స్టిక్‌నే పెట్టి టెస్ట్ చేయండి. నాలుగు స్లాట్ల బోర్డుల్లో ఎక్కువగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి, మాన్యువల్‌లో చూసుకోండి. ర్యామ్ మార్చాక మొదటిసారి కొన్ని నిమిషాలు స్క్రీన్ మీద ఏమీ రాకపోవచ్చు. బోర్డు మెమరీని ట్రైన్ చేసుకుంటోంది, అంటే కొత్త ర్యామ్‌కి తగ్గట్టు సర్దుకుంటోంది, మధ్యలో ఆఫ్ చేయకండి.

ర్యామ్ కాకపోతే

ఇంటెల్ 13, 14 జనరేషన్ డెస్క్‌టాప్ ఐ7, ఐ9 అయితే బయోస్ తేదీ చూడండి. వోల్టేజ్ లోపానికి మందు 2024 ఆగస్టు నుంచి అప్‌డేట్లలో వచ్చింది. అప్పటికే దెబ్బతిన్న ప్రాసెసర్‌ని అప్‌డేట్ బాగుచేయదు, వారంటీలో మార్పించుకోవాల్సిందే. బ్లూ స్క్రీన్ లేకుండా టప్పున ఆగిపోతుంటే ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై), వేడి చూడండి.

ఎర్రర్లు చూపించే మెమ్‌టెస్ట్ స్క్రీన్ ఫొటో, బిల్లు పట్టుకుని రిప్లేస్‌మెంట్ గడువు దాటకముందే షాపుకి వెళ్లండి. రెండింటిలో ఒక స్టిక్కే పాడైనా కిట్ మొత్తం మార్చమని అడగండి, ఎందుకంటే కిట్‌లోని స్టిక్‌లను కంపెనీ జతగా టెస్ట్ చేసి అమ్ముతుంది.