వానాకాలం సెయిలింగ్‌కు ముందు జాగ్రత్తలు

హుస్సేన్‌సాగర్‌లో జూన్ నుంచి గాలి జోరందుకుంటుంది. క్లబ్బు చూసుకునేవాళ్లు ఆలోపే ఇవి సరిచూసుకోవాలి.

- లైఫ్ జాకెట్ బకిల్ పెట్టి గట్టిగా లాగండి. ఎండకు పెళుసెక్కిన ప్లాస్టిక్ టప్పున విరుగుతుంది. అనుమానం వస్తే పక్కన పడేయండి, ఇక్కడ పొదుపు వద్దు.
- రెస్క్యూ బోటు ఇంజన్‌ను నీళ్లలో ఉంచే స్టార్ట్ చేసి చూడండి. ప్రొపెల్లర్‌కు గుర్రపుడెక్క చుట్టుకుంటే కోయడానికి కత్తి బోటులోనే ఉండాలి. ఇంజన్ ఆపాకే చెయ్యి పెట్టాలి.
- ఉరుము వినిపిస్తే అందరూ ఒడ్డుకే. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి. సభ్యులు గొణుగుతారు, గొణగనివ్వండి.
- పిల్లల ఫారాల్లో ఈత వచ్చా రాదా, ఇంటి ఫోన్ నంబరు రాసి ఉన్నాయో లేదో చూడండి.
- వినాయక నిమజ్జనం రోజుల్లో బోట్లు దించొద్దు. తర్వాత కూడా నీళ్లలో ఇనుప చువ్వలు మిగిలి ఉండొచ్చు, ర్యాంప్ దగ్గర కర్రతో తడిమి చూడండి.